ఇంటి మనిషి చేయి

మధ్యాహ్నం పన్నెండున్నర అయ్యేసరికి రత్నం తన కుడిచేతికి విజయగౌరి చేతిని తొడుక్కునేది.

తొడుగు ఉల్లిపొరంత పలచన. లోపల కంటికి ఆనని తీగలు. ఎవరైనా దాన్ని వేసుకుని ఒకరికి ఇరవై ఎనిమిది పూటలు అన్నం తినిపిస్తే చాలు. ఆ చేయి ఎలా కలుపుతుందో, ఎంత నొక్కుతుందో, ఎక్కడ ఆగుతుందో అంతా దానికి పట్టుబడుతుంది. ఆ తర్వాత ఎవరు తొడుక్కున్నా వాళ్ల వేళ్లను అదే దారిన నడిపిస్తుంది. రత్నం పనిచేసే వృద్ధుల నిలయంలో దీన్ని చేయి ఎక్కించడం అనేవాళ్లు. తొడుక్కున్న మనిషి చెయ్యవలసింది ఒక్కటే, వేళ్లు వదిలెయ్యడం. రిక్షాలో కూర్చున్నట్టు కూర్చోవాలి గానీ తొక్కబోకూడదు.

ఆ పూట వరహాలమ్మగారి కంచంలో ముద్దపప్పూ అన్నం, మీద కాస్త నెయ్యి. రత్నం చేయి మెత్తగా కలిపింది. కలిపాక ముందు చిటికెడు తీసి కంచం అంచున పెట్టింది. వేడి చూసుకోవడం కాబోలని రత్నం తన పుస్తకంలో ఎప్పుడో రాసుకుంది. తర్వాత ఉసిరికాయంత ముద్ద చేసి, బొటనవేలితో ఒకసారి నున్నగా నిమిరి, ఆవిడ కింది పెదవికి ఆనించి ఆగింది. ఆవిడ ఊపిరి వదిలేదాకా అలాగే ఆగింది. నోరు తెరుచుకుంది.

మింగాక వరహాలమ్మగారు అంది, "లైను కలుపుతున్నాను, ఉండండి."

"ఎక్కడికండీ?"

"రాజమండ్రికి. ట్రంకు కాల్."

"కలపండి మరి. వాళ్లు మాట్లాడుకునే లోపు మనం రెండు ముద్దలు తినేద్దాం."

ఎనభై ఒక్కేళ్లు ఆవిడకి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై మూడేళ్లు ఆపరేటరుగా చేసింది. కూతురి పేరు, కొడుకు పేరు, తన ఇంటి దారి అన్నీ మరిచిపోయింది గానీ లైను కలపడం మరవలేదు. నిలయానికి వచ్చిన మొదటి మూడు రోజులూ రత్నం పెట్టినా, ఆయా పెట్టినా, చెంచాతో పెట్టినా నోరు తెరవలేదు. నాలుగో రోజు తొడుగు వచ్చింది. ఆ పూట కంచం ఖాళీ అయింది.

తొడుగు తయారుచేసిన ప్రయోగశాల నిలయం పైఅంతస్తులోనే ఉంది. అందులో పనిచేసే కిరీటి రత్నానికి మేనత్త కొడుకు, మూడు నెలలుగా మొగుడు కూడా. పెళ్లయ్యాక రత్నానికి మనుషుల చేతులు చూడటం ఒక పిచ్చిగా పట్టుకుంది. టీ గ్లాసు ఆమెకిచ్చే ముందు కిరీటి దాని అడుగును తన చొక్కా అంచుకు తుడుస్తాడు. ఎందుకో అతనికే తెలీదు. అడిగితే, "తుడుస్తానా?" అంటాడు. రోజూ తుడుస్తాడు. ఆ ఒక్క సంగతి తలుచుకుని రత్నం బస్సులో తనలో తను నవ్వుకునేది.

ఎవరినైనా చేర్చుకునే రోజున నిలయంవాళ్లు ఇంటివాళ్లని కూర్చోబెట్టి ఒక కాగితం ఇస్తారు. మీరు మా దగ్గర ఏం ఆశిస్తున్నారో రాయండి అంటారు. కొందరు నాలుగు పేజీలు రాస్తారు. వరహాలమ్మగారి కొడుకు సన్యాసిరావు, అనకాపల్లిలో మోటారు విడిభాగాల కొట్టు ఆయనది, రెండే ముక్కలు రాశాడు. అమ్మకి ఇంటి మనిషి చేతి అన్నమే అందాలి. మా అక్కా నేనూ సంతకం పెట్టి పేరివ్వని మనిషిని అమ్మ దగ్గరికి రానివ్వకూడదు. ఆ అక్క విజయగౌరి బ్యాంకులో మేనేజరు. రోజూ రెండు పూటలా రావడం ఆమె వల్ల కాదు. అందుకని చేర్చడానికి ముందే ఇంట్లో రెండు వారాలు అమ్మకి తినిపించి, తన చేయి ఎక్కించిన తొడుగును పెట్టెలో పెట్టి పంపించింది.

తొమ్మిది నెలల్లో వరహాలమ్మగారు నాలుగు కిలోలు పెరిగింది. ఆదివారం వచ్చే చుట్టాలకి సన్యాసిరావు ఆ తొడుగు చూపించేవాడు. "కూతురంటే కూతురే. చేయి ఒక్కటి పంపినా అమ్మ పోల్చుకుంది చూశారా!" అనేవాడు. పక్కన విజయగౌరి తల వంచుకుని బత్తాయి తొనలు ఒలుస్తూ ఉండేది.

ఒక సోమవారం నాడు పొలమారింది.

రెండో ముద్దకే ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. గొంతులోంచి శబ్దం రాలేదు. రత్నం ఆవిణ్ణి ముందుకు వంచి, రెండు భుజాల మధ్య అరచేత్తో నాలుగు దెబ్బలు వేసింది. ముద్ద బయటపడింది. అంతా అర నిమిషం. డాక్టర్ కుసుమ వచ్చి మెడ తడిమి, నీళ్లు మింగించి చూసింది.

"మింగే కండరాలు బలం తగ్గాయి. ముద్ద రేగుపండంత ఉండాలి, ఇంకా మెత్తగా ఉండాలి. ఒకటి దిగాక మరొకటి."

"తొడుగు ఒప్పుకోదు డాక్టర్. దానికి తెలిసింది ఉసిరికాయంత ముద్దే. నేను చిన్నది చెయ్యబోతే చేయి తడబడుతుంది. తడబడిందంటే ఈవిడ నోరు కట్టేస్తారు."

"అయితే చేయి మళ్లీ ఎక్కించండి. చిక్కటి జావ ఎన్ని గుక్కలు తాగితే అన్ని తాగించండి. వచ్చే సోమవారం దాకా చూస్తాను. అప్పటికీ తిండి లోపలికి పోకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందే."

గొట్టం వేసినవాళ్లను రత్నం ఎరుగును. మతి లేనివాళ్లు దాన్ని పీకేసుకుంటారు. పీక్కోకుండా రెండు చేతులూ మంచానికి కడతారు. మెత్తటి గుడ్డతోనే కడతారు, కానీ కడతారు.

ఫోనులో సన్యాసిరావు గొంతు పెంచాడు. "తొమ్మిది నెలలు బాగున్నది ఇవాళెందుకు బాలేదమ్మా? మా అక్క చేయి మారలేదు కదా. మారితే మీ చేయే మారుండాలి."

"అమ్మగారి గొంతు మారిందండి" అంది రత్నం.

విజయగౌరి సెలవు పెట్టి మంగళవారం వచ్చింది. కొత్త తొడుగు వేసుకుంది. చకచకా కలిపింది, చిన్న ముద్ద చేసింది, నోటి దగ్గర పెట్టింది. పెదవులు బిగుసుకున్నాయి.

"అమ్మా, నేనే. గౌరిని."

"ఆ నంబరు ఎంగేజ్ వస్తోందండి" అంది వరహాలమ్మగారు కిటికీ వైపు చూస్తూ.

"అమ్మా, ఒక్క ముద్ద."

"కాసేపాగి చెయ్యండి."

బుధవారమూ అంతే. గురువారం ఒక ముద్ద లోపలికి వెళ్లి, బుగ్గలో కాసేపు ఉండి, విజయగౌరి చీర మీదకి వచ్చింది. "నాకు ఒంట్లో బాగా లేదు, చేయి వణుకుతోంది, అందుకే" అని విజయగౌరి రత్నంతో అంది. ఆమె చేయి వణకలేదు. రత్నం చూస్తూనే ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో కిరీటి బెండకాయలు తరుగుతున్నాడు. రత్నం పోపు డబ్బా తీసింది.

"ఒసే రత్నం, ఆ రెండు చేతులూ ఒకటి కావే."

"ఏ రెండు?"

"పాత విజయగౌరి, కొత్త విజయగౌరి."

"తొమ్మిది నెలల్లో మనిషి మారదేటి బావా? నువ్వు మూడు నెలల్లో ఎంత మారావు! పెళ్లికి ముందు కాకరకాయ ముట్టేవాడివా?"

"కంగారు మారుతుంది, వేగం మారుతుంది. వేలి పొడుగు మారుతుందా? పాత తొడుగులో ఉన్న చూపుడువేలు అర అంగుళం పొట్టి." కత్తి పక్కన పెట్టాడు. "నా పట్టికలో అన్నిటికంటే మంచి వరస అదే. కూతురి చేయి, నూటికి తొంభై ఎనిమిది ముద్దలు. అన్నీ మరిచినా కన్నబిడ్డ స్పర్శని ఒళ్లు మరవదని పదిమంది ముందూ అది చూపించే చెప్పాను. వచ్చే నెల బెంగళూరులో మళ్లీ చెప్పాలి."

"ఇప్పుడేం చెప్తావు?"

"ఏముంది, ఎవరిదో తెలీని చేయి అని చెప్పాలి."

రత్నానికి నవ్వొచ్చింది. అతని మొహం చూసి మింగేసింది. రెండేళ్ల పని అది. కిరీటి మళ్లీ కత్తి తీసుకుని మిగిలిన బెండకాయల్ని మరీ లావుగా తరిగాడు. ఆ పూట వేపుడు వేగలేదు. ఇద్దరూ పెరుగన్నం తిన్నారు.

శుక్రవారం విజయగౌరి కారెక్కబోతుంటే రత్నం వెనకాలే వెళ్లింది.

"మేడం, తప్పుగా అనుకోకండి. ఆ చేయి ఎవరిది?"

విజయగౌరి కారు తలుపు పట్టుకునే నిలబడింది. "భారతిది" అంది. "మా తమ్ముడి భార్య. అంటే, ఒకప్పుడు. ఆరేళ్ల కిందట కోర్టులో విడిపోయారు. అంతకుముందు పదకొండేళ్లు అమ్మ భారతి చేతి వంటే తింది."

"మరి మీరు..."

"అమ్మ తనంతట తను తినడం మానేసినప్పుడు నా దగ్గరే ఉంది. నేను పెడితే ఉమ్మేసేది. కన్నకూతుర్ని. ఎవరితో చెప్పుకోను? ఒకరోజు రైతు బజార్లో భారతి కనిపించింది. ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ దాని మొహం పోల్చలేదు గానీ నోరు తెరిచింది. తొడుగు తెమ్మన్నప్పుడు డాక్టర్ల పరీక్ష అని చెప్పి రెండు వారాలు దాన్ని మా ఇంట్లో ఉంచుకున్నాను. తమ్ముడికి దాని పేరెత్తితే పడదు. తర్వాత ఇంక రావద్దన్నాను."

"చెప్పాల్సింది మేడం."

"చెబుదామనే అనుకున్నాను. ఈలోగా అందరూ కూతురంటే కూతురే అన్నారు." విజయగౌరి కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడిచింది. "వినడానికి బాగుంది రత్నం. అలాగే ఉండిపోయాను."

శనివారం పొద్దున్న సన్యాసిరావు నిలయం ఆఫీసు గదిలో కూర్చున్నాడు. అక్క చెప్పింది విన్నాడు. కుర్చీ వెనక్కి జరిపాడు.

"తొమ్మిది నెలలు ఊరందరికీ చెప్పుకున్నాను, మా అక్క చేయి అని! ఇద్దరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారు. ఆవిడతో అంతా అయిపోయింది కదా కోర్టులో?"

"నీతో అయిపోయింది" అంది విజయగౌరి. "అమ్మ మీద ఎవరూ కోర్టుకి వెళ్లలేదురా."

"అక్కా, నువ్వు మాట్లాడకు." రత్నం వైపు తిరిగాడు. "మీరు చూసుకోవద్దా? మిమ్మల్ని నమ్మే కదా అమ్మని పెట్టాం. ఏదో ఒక చేయి ఇస్తే ఏదో ఒకటి తొడుక్కుంటారా?"

"మా పొరపాటు ఉందండి. ఇంట్లో ఎక్కించిన చేయిని మేం ఎదురుగా చూడకుండా తీసుకున్నాం. ఇక నుంచి అలా తీసుకోం" అంది రత్నం. "కానీ మీరు కాగితం మీద ఒక మాట రాశారు. ఇంటి మనిషి చేతి అన్నమే అందాలని. తొమ్మిది నెలలూ అదే అందింది. ఆ ఇంటి మనిషి ఎవరన్నది మాత్రం మీరూ మేమూ ఇవాళ తేల్చుకోవాలి. సోమవారం గొట్టం వేస్తే ఇంక ఎవరి చేయీ అక్కర్లేదు."

"వేస్తే ఏమవుతుంది? తిండి వెళ్తుంది కదా?"

"వెళ్తుందండి. పీక్కోకుండా చేతులు కడతాం."

సన్యాసిరావు గోడ మీద క్యాలెండరు చూశాడు. అందులో చూడటానికి ఏమీ లేదు.

"ఎన్నాళ్లు కడతారు?"

"గొట్టం ఉన్నన్నాళ్లూ."

కాగితం తెమ్మన్నాడు. భారతి పేరు రాసి సంతకం పెట్టి, అక్క ముందుకు జరిపి ఆమె చేతా పెట్టించాడు. "రేపు రమ్మనండి. ఆ టైముకి నేనుండను" అనేసి వెళ్లిపోయాడు.

ఆదివారం పదకొండింటికి భారతి ఆటో దిగింది. నలభై అయిదేళ్లుంటాయి. గాజువాకలో అంగన్‌వాడీ టీచరు. వేళ్లు పొట్టివే. రత్నం చేతిలో కొత్త తొడుగు చూసి గుర్తుపట్టింది.

"ఇదేనా? పరీక్ష అయిపోలేదా ఇంకా?"

విజయగౌరి గోడవారగా నిలబడింది. రత్నమే చెప్పింది, రెండు పూటలా, తొమ్మిది నెలలు, కంచం ఖాళీ అయ్యేదాకా. భారతి తొడుగును వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే అక్కడ నేను పిల్లలకి పెడుతున్నప్పుడు, ఇక్కడ అత్తయ్యకీ పెడుతున్నానన్నమాట."

భారతి విజయగౌరి వైపు తిరిగింది.

"అత్తయ్య తిందో లేదోనని నేను అనుకోని రోజు లేదు వదినా. ఫోను చెయ్యడానికి నాకేం హక్కుందని ఊరుకున్నాను. తింటోంది, నీ చేత్తోనే తింటోంది అని ఒక్క ముక్క చెప్పుంటే, ఆ పూట నేనూ ఇంత సుఖంగా తినేదాన్ని కదా."

"తప్పే భారతీ" అంది విజయగౌరి.

భారతి తొడుగును మడిచి రత్నం చేతిలో పెట్టింది. "ఇది మళ్లీ వేసుకోను తల్లీ. రేపు ఈవిడ గొంతు ఇంకాస్త సన్నబడుతుంది, ముద్ద ఇంకా చిన్నదవ్వాలి. అప్పుడు మళ్లీ నన్ను వెతుక్కుంటారా? పసిపిల్లలకి పెడతాను నేను. ఇవాళ తిన్నట్టు రేపు తినరు. చూసుకుంటూ చేయి మార్చుకోవాలి. నేనే వస్తాను, వచ్చినప్పుడు నేర్పుతాను. రండి వదినా, ఇలా కూర్చోండి."

కంచం వచ్చింది. భారతి మెత్తగా కలిపింది. చిటికెడు తీసి అంచున పెట్టింది.

"అదెందుకే?" అంది విజయగౌరి.

"మావయ్యగారికి. ఆయన పోయినప్పటి నుంచీ ఆయనకి పెట్టందే అత్తయ్య ముట్టరు. మీరు అప్పుడు మీ అత్తవారింట్లో ఉన్నారు, మీకు తెలీదు."

తొమ్మిది నెలలుగా తను రోజూ ఇద్దరికి వడ్డించిందని రత్నానికి అప్పుడు తెలిసింది.

భారతి రేగుపండంత ముద్ద చేసింది. బొటనవేలితో నిమిరింది. కింది పెదవికి ఆనించి ఆగింది. నోరు తెరుచుకోలేదు. వరాండాలో ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ వెళ్లారు. చప్పుడు దూరమైంది. భారతి చేయి కదపలేదు. వరహాలమ్మగారు ఊపిరి వదిలింది, తీసుకుంది, మళ్లీ వదిలింది. అయిదో ఊపిరికి పెదవులు విడివడ్డాయి.

గొంతు కదిలేదాకా రత్నం చూసింది. కదిలింది. దగ్గు రాలేదు.

నాలుగు ముద్దలయ్యాక భారతి విజయగౌరి చేతిని కంచంలోకి లాగింది. పైన తన చేయి వేసి, రెండు చేతులూ కలిపి ముద్ద చేసి, రెండు చేతులతోనే నోటి దాకా తీసుకెళ్లింది. ముద్ద లోపలికి వెళ్లింది. మరొకటి వెళ్లింది. తర్వాత భారతి తన చేయి తీసేసింది. విజయగౌరి చేతి ముద్ద బుగ్గలోకి వెళ్లి తిరిగి బయటికి వచ్చింది.

"చూశావా!" అంది విజయగౌరి.

"ఏం చూడ్డం? తోసేశారు మీరు. బ్యాంకులో స్టాంపు గుద్దినట్టు గుద్దితే ఎవరు తింటారు? పెదవి దగ్గర ఆగండి. ఆవిడే వస్తారు."

"ఎంతసేపు ఆగాలి?"

"వచ్చేదాకా."

విజయగౌరి ఆగింది. చేయి నొప్పెట్టి మోచేయిని మోకాలి మీద ఆనించుకుంది. అయినా ఆగింది. ఆ ముద్ద లోపలే ఉండిపోయింది. ఆమె తర్వాతి ముద్ద చేసేటప్పుడు చిన్నపిల్ల అక్షరాలు దిద్దుతున్నట్టు నాలుక బయటపెట్టి చేసింది. రత్నం అది చూసి, సాయంత్రం కిరీటికి చెప్పాలని దాచుకుంది. అతని పట్టికలో రాయడానికి అది పనికిరాదు. అయినా చెప్పాలి.

గదిలో వెలుతురు కొంచెం తగ్గినట్టనిపించి రత్నం తల తిప్పింది. గుమ్మానికి అడ్డంగా సన్యాసిరావు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలీదు. కాళ్లకి చెప్పులు లేవు, బయటే విప్పినట్టున్నాడు. అమ్మ నోటినే చూస్తున్నాడు.

భారతి అటు తిరగలేదు. మరో ముద్దకి అన్నం దగ్గరికి తీస్తూ అంది.

"గుమ్మంలో నిలబడితే గాలి రావట్లేదు. చేతులు కడుక్కుని రండి."

ఆయన లోపలికి వచ్చాడు. "సబ్బు ఎక్కడమ్మా?" అన్నాడు రత్నంతో, మెల్లగా.

రత్నం మూలనున్న కుళాయి చూపించింది. "ఉంగరాలు కూడా తియ్యాలండి. మెతుకులు ఇరుక్కుంటాయి."

సన్యాసిరావు కుళాయి తిప్పి, నురగ పట్టించి, వేళ్లు మెలిపెట్టడం మొదలుపెట్టాడు. పచ్చరాయి ఉంగరం వచ్చేసింది. పగడం ఉంగరం కణుపు దగ్గర ఆగిపోయింది. ఆయన ఇంకాస్త సబ్బు రాశాడు.